చప్పిడి కూటి నుంచి నిండు కంచం దాకా

1904లో పారిస్‌లో అంబార్, బోజార్ అనే ఇద్దరు వైద్యులు ఆరుగురు రోగుల తిండిలో ఉప్పు మార్చి మార్చి చూశారు. కొన్నాళ్లు చప్పిడి తిండి పెట్టారు, మరికొన్నాళ్లు ఉప్పు కలిపి పెట్టారు. ఒకపక్క రక్తపోటు చూస్తూ, ఇంకోపక్క మూత్రంలో ఎంత ఉప్పు పోతోందో లెక్కగట్టారు. తిన్నదానికన్నా ఎక్కువ ఉప్పు బయటికి పోయినప్పుడు పోటు దిగింది. ఉప్పు ఒంట్లో నిలిచిపోతే ఎక్కింది. ఆ రోజుల్లో సోడియాన్ని కొలవడం చాలా కష్టం. అందుకని ఉప్పులో ఉండే రెండో పదార్థం క్లోరైడ్‌ను కొలిచి, తప్పంతా దానిమీదే వేశారు. దోషి పేరు పొరబడ్డారు గానీ దొంగ దొరికిన ఇల్లు మాత్రం సరైనదే.

ఇవాళ ఊళ్లో ఆర్‌ఎంపీ మొదలుకొని కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె డాక్టరు దాకా బీపీ ఉందనగానే చెప్పే మొదటి మాట ‘ఉప్పు తగ్గించండి’. ఆ మాటకు నూట ఇరవై ఏళ్లు దాటాయన్నమాట. కానీ ఆహారంతో బీపీ తగ్గించవచ్చని గట్టి పరీక్ష పెట్టి నిరూపించి, ఇదిగో ఇలా తినండని ఒక మామూలు భోజనాన్ని చూపించేసరికి 1997 వచ్చింది. మధ్యలో ఇంతకాలం ఏం జరిగినట్టు? తిండి మారిస్తే పోటు దిగుతుందా అన్న ప్రశ్నకు జవాబు మొదట్లోనే దొరికింది. ఆ తిండిని మనిషి తింటాడా అన్న రెండో ప్రశ్నే వైద్యుల్ని తొమ్మిది దశాబ్దాలు తిప్పలు పెట్టింది.

ముట్టుకోకూడదన్న జబ్బు

పోటును కొలిచే సాధనం వైద్యుడి చేతికి వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. 1733లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రం రక్తనాళంలో గాజు గొట్టం గుచ్చి, అందులో రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకిందని రాశాడు. మనుషుల మీద అలాంటి పని కుదరదు. 1896లో ఇటలీలో రివా రోచి జబ్బకు చుట్టే పట్టీని తయారుచేశాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కొవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుళ్లు వినే పద్ధతి చెప్పాడు. అప్పటి నుంచే పై అంకె, కింది అంకె అని రెండూ తెలియడం మొదలైంది.

కొలత తెలిసింది కానీ దాన్ని తగ్గించాలన్న ఆలోచన వైద్యులకు వెంటనే రాలేదు. వయసుతో పాటు రక్తనాళాలు బిగుసుకుపోతాయి, వాటిలోంచి రక్తం పారాలంటే గుండె గట్టిగా తోయాల్సిందే, కాబట్టి పోటు పెరగడం శరీరానికి అవసరమేనని పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. దాన్ని దించితే మెదడుకూ కిడ్నీలకూ రక్తం చాలదని భయపడ్డారు. 1920 ప్రాంతంలో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ ఉప్పును దాదాపు పూర్తిగా మాన్పించి బీపీ తగ్గించి చూపించాడు. మిగతావాళ్లు ప్రయత్నిస్తే అంత ఫలితం రాలేదు. కారణం వాళ్ల రోగులు మానింది పైన చల్లుకునే ఉప్పు మాత్రమే. రొట్టెలో, వెన్నలో, మాంసంలో ఉన్నది అలాగే లోపలికి పోతోంది. అలెన్ మాట మరుగున పడింది.

ఈ అలసత్వానికి ఎంత ఖరీదు కట్టాల్సి వచ్చేదో అమెరికా అధ్యక్షుడి జీవితమే చెబుతుంది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ బీపీ ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే యువ హృద్రోగ నిపుణుడు పరీక్షించేసరికి 186/108 ఉంది, గుండె కూడా పెరిగింది. విశ్రాంతి తీసుకోమన్నారు, సిగరెట్లు తగ్గించమన్నారు, డిజిటాలిస్ మందు ఇచ్చారు, ఉప్పు తగ్గించిన భోజనం పెట్టారు. ప్రపంచంలోకెల్లా బలమైన దేశపు అధినేతకు ఆనాటి వైద్యం చేయగలిగింది ఇంతే. 1945 ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో తలనొప్పి అంటూ కూలబడ్డాడు. అప్పుడు చూస్తే పై అంకె 300. మెదడులో రక్తస్రావమై ఆ మధ్యాహ్నమే కన్నుమూశాడు. ఆయన వయసు 63.

డర్హామ్‌లో అన్నం

అదే కాలంలో, అదే దేశంలో, నార్త్ కరొలైనా రాష్ట్రంలోని డర్హామ్ అనే ఊళ్లో ఒక వైద్యుడు బీపీ రోగులకు అన్నం పెట్టి బాగుచేస్తున్నాడు. పేరు వాల్టర్ కెంప్నర్. బెర్లిన్‌లో పుట్టినవాడు. తల్లి లిడియా క్షయ మీద పరిశోధన చేసిన పేరున్న శాస్త్రవేత్త. తను కూడా నోబెల్ గ్రహీత ఆటో వార్‌బర్గ్ దగ్గర పనిచేశాడు. యూదు కుటుంబం కావడంతో హిట్లర్ కాలంలో జర్మనీ వదిలి 1934లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాడు.

కెంప్నర్ దృష్టి ఉప్పు మీద కన్నా కిడ్నీల మీద ఎక్కువ. జబ్బుపడిన కిడ్నీకి పని తగ్గించాలి, మాంసకృత్తుల్ని వడకట్టే శ్రమ దానికి లేకుండా చేయాలి అనేది ఆయన లెక్క. అన్నం తినే దేశాల్లో బీపీ తక్కువని కూడా విన్నాడు. 1939లో మొదలుపెట్టిన పథ్యం ఇది: తెల్లన్నం, పండ్లు, పండ్ల రసం, పంచదార. అంతే. రోజుకు సుమారు 2000 కెలోరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు, 150 మిల్లీగ్రాముల సోడియం. ఉప్పు లెక్కన చూస్తే అది టీస్పూన్‌లో పదిహేనో వంతు. అన్నంతో జబ్బు తగ్గించారంటే తెలుగువాళ్లకు వినసొంపుగానే ఉంటుంది. కానీ ఆ కంచంలో పప్పు లేదు, పులుసు లేదు, పచ్చడి మెతుకు లేదు, ఆఖరికి మజ్జిగ చుక్క కూడా లేదు.

తొలి రోజుల్లో ఒక సంగతి జరిగింది. 33 ఏళ్ల ఒకామె కిడ్నీ జబ్బుతో, 190/120 బీపీతో వచ్చింది. కంటి లోపలి పొరలో రక్తస్రావాలు కూడా ఉన్నాయి. కెంప్నర్ ఆమెకు ఈ పథ్యం చెప్పి రెండు వారాల్లో రమ్మన్నాడు. ఆయన జర్మన్ యాసలో ఆమెకు అది రెండు నెలలని వినిపించింది. అంతకాలం ఇంత కఠినమైన తిండి మీద ఎవరినీ ఉంచే ధైర్యం ఆయన చేసి ఉండడు. రెండు నెలలూ అన్నం, పండ్ల మీదే గడిపి ఆమె తిరిగొచ్చింది. బీపీ 124/84. కంట్లో రక్తస్రావాలు మానాయి, పెరిగిన గుండె చిన్నదైంది.

ఆ రోజుల్లో కంటిదాకా వచ్చిన బీపీకి వైద్యం లేదు. నెలల్లోనో, ఏడాది రెండేళ్లలోనో మనిషి పోవాల్సిందే. వెన్నెముక పక్కన నరాలు తెంచే పెద్ద ఆపరేషన్ ఒక్కటే మార్గంగా ఉండేది. అలాంటి చోట కెంప్నర్ పథ్యానికి ముందు, పథ్యానికి తర్వాత తీసిన కంటి ఫొటోలూ గుండె ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూపించేసరికి చాలామంది నమ్మలేదు. లెక్కలు కల్పించాడేమో అని అనుమానించినవాళ్లూ ఉన్నారు. 1948 నాటికి 500 మంది రోగుల వివరాలు అచ్చువేశాడు. అందరికీ గుణం కనిపించలేదు, కానీ కనిపించినవాళ్ల సంఖ్య కొట్టిపారేసేది కాదు. ఆ తర్వాత న్యూయార్క్‌లో రోగుల్ని ఆసుపత్రిలోనే ఉంచి చేసిన పరీక్షల్లో అదే అన్నానికి ఉప్పు కలిపి పెడితే ఫలితం పోయింది. కెంప్నర్ తన సిద్ధాంతాన్ని వదులుకోలేదు గానీ, పనిచేస్తున్నది ప్రధానంగా చప్పిడితనమేనని మిగతావాళ్లకు అర్థమైంది.

ఎక్కడెక్కడి నుంచో జనం డర్హామ్ వచ్చి, అన్నం వండి పెట్టే ఇళ్లలో నెలల తరబడి ఉండేవాళ్లు. ఎవరైనా చాటుగా బజారుకెళ్లి తినొస్తే కెంప్నర్‌కు తెలిసిపోయేది. మూత్రంలో క్లోరైడ్ పరీక్ష చేయించేవాడు, ఆ అంకె అబద్ధం ఆడదు. ఇంత కాపలా ఎందుకు అవసరమైందో ఊహించడం కష్టమేం కాదు. చావు కళ్లెదుట ఉన్నవాడు ఏదైనా తింటాడు. ఒంట్లో ఏ బాధా లేకుండా, పట్టీ చుట్టినప్పుడు మాత్రమే కనిపించే జబ్బు ఉన్నవాడు జీవితాంతం ఉప్పులేని అన్నం, పంచదార తినమంటే తినడు. కెంప్నర్ మొదటి ప్రశ్నకు అందరికన్నా గట్టిగా జవాబు చెప్పాడు. రెండో ప్రశ్న దగ్గర ఆయన పథ్యం కూడా ఆగిపోయింది.

మాత్రలు వచ్చాక

1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని ఇంగ్లండు పత్రికలో రాసి ప్రపంచం దృష్టికి తెచ్చాడు. 1950ల చివర్లో క్లోరోథయాజైడ్ మాత్ర వచ్చింది. అది కిడ్నీల ద్వారా సోడియాన్ని బయటికి తోసేస్తుంది. కెంప్నర్ కంచం చేసిన పనే ఇది చాలావరకు చేసింది, రోగి నోటికి మాత్రం ఏ కట్టడీ లేదు. 1967లోనూ 1970లోనూ ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వంలో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్షలు మందులతో పోటు తగ్గిస్తే పక్షవాతాలు, చావులు తగ్గుతాయని నిరూపించాయి. పోటును ముట్టుకోకూడదన్న పాత నమ్మకం అక్కడితో సమసిపోయింది. ఆహారం సంగతి డాక్టరు చీటీ చివర రాసే ఒక ముక్తసరి సలహాగా మిగిలింది.

ఆ సలహాను పట్టుకుని వదలనివాడు లూయిస్ డాల్. న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆయన అక్కడి ఉద్యోగులనే మూడు గుంపులు చేశాడు. బల్ల మీది ఉప్పు సీసా అసలు ముట్టుకోనివాళ్లు, రుచి చూశాక చాలకపోతే వేసుకునేవాళ్లు, రుచి చూడకుండానే చల్లుకునేవాళ్లు. మొదటి గుంపులో బీపీ దాదాపు లేదు, మూడో గుంపులో అందరికన్నా ఎక్కువ. దేశాల లెక్కలు కూడా తీశాడు. జపాన్ ఉత్తరాన అకిటా ప్రాంతంలో జనం ఊరవేసిన కూరగాయలు, సోయా పులుసులతో రోజుకు పాతిక గ్రాములకు పైగా ఉప్పు తింటున్నారు, అక్కడ పక్షవాతం ఊళ్లను తినేస్తోంది. ఆ తర్వాత ఎలుకల్ని తరాల తరబడి పెంచి రెండు జాతులు తీశాడు. ఒకదానికి ఉప్పు పెడితే పోటు విపరీతంగా పెరుగుతుంది, రెండోదానికి ఎంత పెట్టినా పెద్దగా మారదు. ఒకే ఇంట్లో ఒకే ఆవకాయ తింటూ అన్నకు బీపీ వచ్చి తమ్ముడికి రాకపోవడం ఎలా సాధ్యమో ఆ ఎలుకలు కొంతవరకు చెప్పాయి.

1988లో ఇంటర్‌సాల్ట్ అనే పెద్ద అధ్యయనం వెలువడింది. 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మందికి పైగా మనుషుల నుంచి ఒక పగలూ ఒక రాత్రీ మూత్రం సేకరించి అందులో సోడియం కొలిచారు. బ్రెజిల్ అడవుల్లోని యానోమామి తెగవాళ్లు ఉప్పు అసలు వాడరు. వాళ్లలో వయసు పెరిగినా పోటు పెరగలేదు. కానీ ఉప్పు చాలా తక్కువ తినే అలాంటి నాలుగు సమూహాల్ని పక్కన పెడితే మిగతా ఊళ్ల మధ్య సంబంధం పలచబడిందని వాదన మొదలైంది. ఉప్పు కంపెనీల సంఘం ఆ వాదనను అందిపుచ్చుకుంది. ఉప్పు మీద పోట్లాట ముదిరిన ఆ రోజుల్లోనే మరో దారి తెరుచుకుంది.

ఏం మానాలి కాదు, ఏం తినాలి

1970ల ఆరంభంలో ఫ్రాంక్ శాక్స్ అనే యువ పరిశోధకుడు బోస్టన్‌లో కలిసి కాపురాలుంటున్న శాకాహార బృందాల ఇళ్లకు వెళ్లి బీపీలు చూశాడు. ముడి ధాన్యం, కూరగాయలు, చిక్కుళ్లు తినే కుర్రకారు వాళ్లు. సగటు బీపీ 106/60 దగ్గర తేలింది. అమెరికాలో ఆ వయసువాళ్లలో మామూలుగా కనిపించే అంకె కాదది. వాళ్లలో కొందరికి కొన్నాళ్లు రోజూ మాంసం పెడితే పై అంకె కొంచెం పెరిగింది. 1983లో ఆస్ట్రేలియాలోని పెర్త్ పరిశోధకులు దీన్ని తిరగేసి చూశారు. మాంసాహారుల్ని శాకాహారంలోకి మారిస్తే పోటు అయిదారు పాయింట్లు దిగింది.

ఇందులో పనిచేస్తున్నది ఏమిటి? కూరగాయల్లోని పొటాషియమా, మెగ్నీషియమా? పాలలోని కాల్షియమా? అప్పటి శాస్త్రం అలవాటు ప్రకారం ఒక్కొక్కదాన్ని విడదీసి మాత్రలుగా ఇచ్చి చూశారు. 1992లో అచ్చయిన పెద్ద పరీక్షలో బీపీ గీత దగ్గరున్న వందల మందికి కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, చేపనూనె విడివిడిగా ఇచ్చారు. దేనికీ చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. కంచంలో ఉన్నప్పుడు పనిచేసింది సీసాలోకి వచ్చేసరికి పనిచేయలేదు.

అక్కడే అమెరికా జాతీయ గుండె, ఊపిరితిత్తుల, రక్త సంస్థ ఒక కొత్త పరీక్షకు డబ్బిచ్చింది. పోషకాల్ని విడదీయడం మానేసి భోజనాన్ని భోజనంగానే పరీక్షిద్దామన్నది దాని ఆలోచన. దానికి డ్యాష్ అని పేరుపెట్టారు. జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన లారెన్స్ ఆపెల్ ముందు నిలిచాడు. బోస్టన్ నుంచి శాక్స్ కూడా కలిశాడు. బాల్టిమోర్, బోస్టన్, బాటన్ రూజ్ ఊళ్లతో పాటు నాలుగో కేంద్రం డర్హామ్‌లోని డ్యూక్. అర్ధశతాబ్దం కిందట కెంప్నర్ అన్నం వండించిన ఊరే అది. అక్కడ లారా స్వెట్కీ బృందం ఈ పని చూసింది.

ఈసారి పరీక్షకు కూర్చున్నది చావుబతుకుల్లో ఉన్న రోగులు కాదు. 459 మంది మామూలు మనుషులు. బీపీ కొంచెం ఎక్కువున్నవాళ్లు, గీత దాటబోతున్నవాళ్లు. బీపీ ఎక్కువగా బాధించే నల్లజాతివాళ్లు వాళ్లలో సగానికి మించి ఉన్నారు. ముందు మూడు వారాలు అందరికీ సగటు అమెరికన్ తినే తిండే పెట్టారు. ఆపైన ఎనిమిది వారాలు మూడు బంతులు. ఒక బంతికి అదే పాత తిండి. రెండో బంతికి పండ్లు, కూరగాయలు బాగా పెంచిన తిండి. మూడో బంతికి వాటితో పాటు వెన్న తీసిన పాలు, పెరుగు, ముడి ధాన్యం, గింజలు, పప్పులు, చేప, కోడి. ఎర్ర మాంసం, తీపి, కొవ్వు తక్కువ. బజారులో దొరికే సరుకులే తప్ప మందుబిళ్ల ఒక్కటి లేదు.

ఆ వంటశాలల్ని పెళ్లివారి గాడిపొయ్యిలతో పోల్చవచ్చు, గరిటె స్థానంలో త్రాసు ఉందనుకుంటే చాలు. ఏడు రోజుల వంటకాల జాబితా, ఎనిమిదో రోజు మళ్లీ మొదటికి. ప్రతి వంటకం నాలుగు పరిమాణాల్లో, 1600 నుంచి 3100 కెలోరీల దాకా. ప్రతి ముక్కా గ్రాముల లెక్కన తూచి పెట్టేవాళ్లు. వారంలో అయిదు రోజులు మధ్యాహ్నమో రాత్రో ఒక పూట కేంద్రానికి వచ్చి అక్కడే తినాలి. మిగతా పూటలకూ శని ఆదివారాలకూ సరిపడా తిండి చల్లటి డబ్బాల్లో సర్ది ఇంటికి పంపేవాళ్లు. ఎవరి బరువైనా కొంచెం తగ్గుతుంటే వంద కెలోరీల బిస్కట్లు అదనంగా ఇచ్చేవాళ్లు. బరువు తగ్గితే బీపీ కూడా తగ్గుతుంది కాబట్టి, ఫలితం తిండిదో బరువుదో తేలకుండా పోతుంది. ఉప్పు కూడా మూడు బంతుల్లోనూ సమానమే, రోజుకు 3 గ్రాముల సోడియం దగ్గర. పైన చల్లుకోవడానికి చిన్న ఉప్పు పొట్లాలు రోజుకు రెండు. అంబార్ నాటి నుంచి అందరూ వేలు చూపిన వస్తువును ఈ పరీక్షలో కావాలనే కదలనివ్వలేదు.

1997 ఏప్రిల్ 17న ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. పండ్లు, కూరగాయల బంతిలో మామూలు తిండి కన్నా పై అంకె 2.8 తగ్గింది. మూడో బంతిలో పై అంకె 5.5, కింది అంకె 3. అప్పటికే బీపీ ఉన్నవాళ్లను విడిగా చూస్తే తగ్గుదల 11.4, 5.5. అంటే ఒక మాత్ర చేసే పని. తగ్గడం కూడా రెండు వారాల్లోనే కనిపించింది. అయిదు పాయింట్లేనా అని తేలిగ్గా తీసేయవచ్చు. ఆ తగ్గుదల జనం మొత్తానికి వస్తే పక్షవాతాలు నాలుగో వంతుకు పైగా, గుండె జబ్బులు సుమారు 15 శాతం తగ్గుతాయని పరిశోధకులు లెక్కగట్టారు.

మరి ఉప్పు? 2001 జనవరిలో వచ్చిన రెండో పరీక్ష ఆ లెక్కా తేల్చింది. 412 మందిని రెండు బంతులు చేసి, ప్రతి బంతిలోనూ ఉప్పును మూడు మెట్లు మార్చారు. డ్యాష్ తిండి ఒక్కటే పనిచేసింది, ఉప్పు తగ్గించడం ఒక్కటే పనిచేసింది, రెండూ కలిస్తే ఇంకా బాగా పనిచేసింది. బీపీ ఉన్నవాళ్లలో రెండూ కలిపి 11.5 పాయింట్లు దింపాయి. మొదటి ప్రశ్నకు ఇంతకన్నా నిక్కమైన జవాబు అక్కర్లేదు.

వండిపెట్టేవాళ్లు వెళ్లిపోయాక

రెండో ప్రశ్న మాత్రం పూర్తిగా తీరలేదు. డ్యాష్‌లో కెంప్నర్ కంచం కన్నా ఎన్నో రెట్లు రుచి ఉంది, కానీ వండింది వేరేవాళ్లు, డబ్బు పెట్టింది ప్రభుత్వం. 2003లో అచ్చయిన ప్రీమియర్ అనే పరీక్షలో 810 మందికి వంట చేసి పెట్టకుండా, ఏం కొనాలో ఎలా వండుకోవాలో నేర్పి ఇంటికి పంపారు. బరువు, ఉప్పు, వ్యాయామం గురించి గట్టిగా నేర్పిన గుంపులో, ఊరికే సలహా చెప్పి పంపిన గుంపు కన్నా పై అంకె 3.7 ఎక్కువ తగ్గింది. దానికి డ్యాష్ పాఠం కూడా చేర్చిన గుంపులో 4.3. వంటశాలలో కనిపించిన బలం సొంత వంటింటికి వచ్చేసరికి ఎంత కరిగిపోయిందో ఆ రెండు అంకెల తేడాలోనే ఉంది.

దాంతో కొందరు ప్రశ్నను మరో వైపు నుంచి పట్టుకున్నారు. మనిషి అలవాటు మారనప్పుడు అతని చేతిలో ఉన్న ఉప్పునే మారిస్తే? సోడియం క్లోరైడ్‌లో కొంత తీసేసి, కూరగాయల్లో పుష్కలంగా ఉండే పొటాషియాన్ని క్లోరైడ్ రూపంలో కలిపారు. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో పరీక్ష జరిగింది. అందరూ పక్షవాతం వచ్చినవాళ్లో, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లో. సగం గ్రామాలకు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు ఇచ్చారు. దాదాపు అయిదేళ్ల తర్వాత చూస్తే ఆ గ్రామాల్లో పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువ. ఈ ఫలితాలు 2021లో వచ్చాయి. అదే ఏడాది తెలంగాణలో సిద్దిపేట ప్రాంతపు పల్లెల్లో జరిగిన పరీక్ష ఫలితం కూడా వెలువడింది. బీపీ ఉన్న 500 మందిలో సగం మందికి మామూలు ఉప్పు, సగం మందికి 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిసిన ఉప్పు ఇచ్చారు. ఎవరి పొట్లంలో ఏది ఉందో ఎవరికీ తెలియదు. మామూలు ఉప్పు తిన్నవాళ్లతో పోలిస్తే కొత్త ఉప్పు తిన్నవాళ్లలో మూడు నెలల్లో పై అంకె నాలుగున్నర పాయింట్ల మేర తగ్గింది. అదే కూర, అదే పులుసు, అదే వంట చేసే చెయ్యి.

2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సోడియం తగ్గించిన ఉప్పును పెద్దవాళ్లు ఇంట్లో వాడుకోవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. దీనికొక కట్టుబాటు ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, ఒంట్లో పొటాషియాన్ని నిలిపే మందులు వాడేవాళ్లూ డాక్టర్ని అడగకుండా ఈ ఉప్పు జోలికి పోకూడదు. వాళ్ల రక్తంలో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. పండ్లు, కూరగాయలు బాగా పెంచే డ్యాష్ తిండికీ వాళ్లు ఇదే జాగ్రత్త తీసుకోవాలి. ఎంత మంచి తిండి తిన్నా వేసుకుంటున్న బీపీ మాత్రను సొంతంగా ఆపేయకూడదన్నది అందరికీ వర్తించే మాట.

ఇక మన కంచం. ఆంధ్రప్రదేశ్‌లో మూత్రంలో సోడియం కొలిచి చేసిన అధ్యయనంలో సగటున మనిషి రోజుకు 9 గ్రాములకు పైగా ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. మన ఇళ్లలో పెద్ద గిన్నెడు అన్నానికి రెండు చెంచాల కూర నంజుకోవడమే ఎక్కువ. కూర తక్కువ, అన్నం ఎక్కువ అయ్యేసరికి ఆ అన్నాన్ని లోపలికి పంపడానికి ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడం, ఉప్పుచేప కావాల్సి వస్తాయి. డ్యాష్ చెప్పినదాన్ని మన భాషలోకి తెచ్చుకుంటే ఈ నిష్పత్తిని తిరగేయడమే. తోటకూర పప్పు, సొరకాయ కూర, దోసకాయ ముక్కలు కంచంలో ముందు సగం ఆక్రమిస్తే అన్నం తనంతట తనే తగ్గుతుంది, నంజుకోవాల్సిన అవసరమూ తగ్గుతుంది. మజ్జిగ ఎలాగూ మన ఇంటిదే, అందులో వేసే చిటికెడు ఉప్పు మానితే సరి.

ఒక విషయంలో మన పరిస్థితి అమెరికా కన్నా మెరుగు. అక్కడ తినే ఉప్పులో ఎక్కువ భాగం రొట్టె, చీజ్, డబ్బా సూపుల్లో ఫ్యాక్టరీలోనే కలిసిపోయి వస్తుంది. వంటింట్లో ఉప్పు డబ్బా దాచేసినా అది తగ్గదు. అందుకే అక్కడ ఈ పోరాటం కంపెనీలతో, ప్రభుత్వంతో నడుస్తోంది. మన ఉప్పులో అత్యధికం ఇంకా ఇంటి పొయ్యి దగ్గరే పడుతోంది. చిప్స్ పొట్లాలూ, బేకరీ పఫ్‌లూ, రెండు నిమిషాల నూడుల్స్ ఆ వాటాను ఏటేటా తినేస్తున్నాయి. ఆ వాటా పూర్తిగా చేయి దాటిపోకముందే కూరలో ఉప్పు వేసే మనిషి ఒక నిర్ణయం తీసుకుంటే, ఆ పూట కంచం ముందు కూర్చున్న అందరి తరఫునా తీసుకున్నట్టే. నూట ఇరవై ఏళ్లుగా వైద్యులు ఒక్కో రోగినీ విడిగా బతిమాలుతూ వచ్చిన పని అది.